ఏడో స్లైడ్

"తలుపు గొళ్లెం పెట్టు," అన్నాడు కల్నల్ జిమిన్. "కిటికీ జోలికి వెళ్లకు. కూచో."

మేజర్ మెల్స్ సాదికోవ్ చెప్పినట్టే చేశాడు. కిర్గిజ్ రాజధాని ఫ్రూంజెలో జూన్ మొదటి వారం. మూసిన గదిలో కల్నల్ బట్టతల మీద చెమట బొట్లు వరసగా నిలిచి ఉన్నాయి. బల్ల మీద ఎర్ర చార ఉన్న ఫైలు ఒకటే ఉంది.

"చదువు. పైకి."

మెల్స్ చదివాడు. "పోగైనది నిన్నటికన్నా నాలుగు వేళ్లు పెరిగింది. గట్టివాళ్ల కట్ట అడుగున చెమ్మ కనిపిస్తోంది. బట్టతల మీద ఎండ ఎక్కువగా ఉంది. పోగైనది లేచిందంటే అల్మాబెల్‌కి పద్దెనిమిది నిమిషాలు."

"రేడియో సంభాషణ. కిర్గిజ్ భాషలో. తొమ్మిది నెలలుగా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి. మాట్లాడేది గుల్‌సున్ కోల్‌బాయెవా, పర్వత జలాల సంస్థలో శాస్త్రవేత్త. వినేది కొండ మీద నీటిమట్టం కొలిచే గుడిసెలో ఉండే ఒక ముసలాడు. వాడు చెప్పిన అంకెల్ని ఈమె తిరిగి చెప్పి సరిచూసుకుంటుంది."

"పోగైనది అంటే సరస్సేమో, కామ్రేడ్ కల్నల్. ఆమె పనే అది కదా."

"మాస్కో కూడా ముందు అదే అనుకుంది. కానీ ఆ ముసలాడు సరస్సు పక్కనే కూచుని ఉన్నాడు. వాడితో సరస్సుని సరస్సు అనడానికి ఈమెకేం అడ్డం? ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం లేదంటే ఆ మారుపేరు కింద ఇంకోటి ఉంది. నలుగురు నిపుణులు కూచుని తేల్చారు. రెండు పొరల కోడ్." కల్నల్ రుమాలుతో తల తుడుచుకున్నాడు. "బట్టతల అంటే ఎవరో పెద్ద అధికారి అని అంచనా. నవ్వకు."

"నవ్వడం లేదు."

"లోపల నవ్వుతున్నావు. ఇంకోటి విను. ఆవిడ తన ఇంటిపేరు తను చెప్పదు. పోస్టాఫీసులో అడిగినా, ఆస్పత్రిలో అడిగినా కార్డు తీసి చూపిస్తుందే తప్ప నోరు విప్పదు. ఇలాంటి క్రమశిక్షణ ఎక్కడ నేర్పుతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఆపరేషన్ బారోమీటర్ అలా మొదలైంది. సోమవారం నుంచి నగరంలో అంతర్జాతీయ సింపోజియం జరుగుతుంది. పదకొండు దేశాల వాళ్లు వస్తున్నారు. వాళ్లలో స్విట్జర్లాండ్ నుంచి రెటో కాడుఫ్ అనే హిమనదాల నిపుణుడున్నాడు. మంచు ఉన్న ప్రతి సరిహద్దు దగ్గరా అతను కనిపిస్తాడనీ, అతని వెనక ఒక ముఠా ఉందనీ రాజ్య భద్రతా కమిటీ నమ్మకం. ఆమె ఏదో ఇస్తుంది, అతను తీసుకెళతాడు. అది ఏమిటో, ఎప్పుడో మెల్స్ పట్టుకోవాలి.

"మనవాళ్లు ఎవరున్నారు?"

"వెనేరా. అతనికి దుబాసీగా పెట్టాం. నాలుగు భాషలు, రెండు జతల విదేశీ బూట్లు. అతను కాఫీలో ఎన్ని చెంచాల పంచదార వేసుకుంటాడో కూడా రాసి పంపుతుంది."

పరికరాల విభాగంలో మెల్స్‌కి ఒక సైన్సు పత్రిక విలేకరి కార్డు, మామూలు గాజు బిగించిన కళ్లజోడు, టేప్ రికార్డర్ దాచిన సిగరెట్ పెట్టె ఇచ్చారు. రికార్డర్ నిమిషానికోసారి పిచ్చుకలా కిచమంటోంది.

"ఎవరైనా అడిగితే?" అన్నాడు మెల్స్.

"కడుపులో గ్యాస్ అను," అన్నాడు పరికరాలాయన. "అందరం అదే అంటున్నాం."

మెల్స్ అనాథాశ్రమంలో పెరిగాడు. పేరు కూడా అక్కడ పెట్టిందే, నలుగురు నాయకుల పేర్లలోంచి తలా ఒక అక్షరం తీసి. ఆశ్రమంలో అందరూ రష్యన్‌లోనే మాట్లాడేవారు. కిర్గిజ్ భాషని ఇరవై రెండేళ్ల వయసులో కమిటీ స్కూల్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్నాడు. తప్పు లేకుండా మాట్లాడతాడు. అయినా బజారులో ముసలమ్మలు అతని మాట విని ఒక్క క్షణం ఆగి, మొహంలోకి చూస్తారు. ఏ ఇంటి పిల్లాడివి అని అడగబోయి మానేస్తారు. ఆ ఒక్క క్షణాన్ని అతను జీవితమంతా తప్పించుకుంటూ వచ్చాడు. ఇతరుల మాటలు చాటుగా వినే ఉద్యోగంలో అతనికి దొరికిన సుఖం అదే. వినేవాణ్ని ఎవరూ ఏమీ అడగరు.

* * *

సింపోజియం మూడో రోజు మధ్యాహ్నం అతను గుల్‌సున్ గదిలో కూచుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఎండకి కమిలిన బుగ్గలు, కురచగా కత్తిరించిన గోళ్లు. భర్త మంచు చరియల కింద పడి పోయి ఆరేళ్లయిందని ఫైల్లో ఉంది.

"పేరు?" అన్నాడు నోట్‌బుక్ తెరిచి.

"గుల్‌సున్."

"ఇంటిపేరు?"

ఆమె బల్ల మీది నేమ్‌ప్లేటుని అతని వైపు తిప్పింది. మొహంలో ఏ తత్తరపాటూ లేదు. మెల్స్‌కి లోలోపల ఆమె మీద గౌరవం కలిగింది. ఇంత శిక్షణ పొందిన మనిషిని అతను ఇంతవరకు చూడలేదు.

"మా పాఠకులకి ఒక ప్రశ్న ఉంది," అన్నాడు రష్యన్‌లో. "సైన్సు ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తుంది?"

"మీరు రాస్తారా?"

"ప్రయత్నిస్తాను."

"రాయరు. అయినా చెప్తాను. నా మాటలు వినేవాళ్లు తక్కువ." ఆమె లేచి గోడ మీది మ్యాప్ దగ్గరికి వెళ్లింది. "ఇది బజారు మ్యాప్, జనానికి అమ్మేది. శత్రువు దారి తప్పాలని ఇందులో కొండల్ని కాస్త కాస్త జరిపారు. మా దగ్గర రెండు కిలోమీటర్లు. ఇక్కడ మంచు కరిగి ఒక సరస్సు కట్టింది. అడ్డుగా రాళ్లూ మట్టీ తప్ప ఏమీ లేవు. ఏదో ఒక వేడి మధ్యాహ్నం అది తెగుతుంది. ఈ మ్యాప్ ప్రకారం ఆ నీరు పడమటి లోయలోకి పోవాలి. అక్కడ ఉడతలు తప్ప ఎవరూ లేరు."

"మంచిదే కదా."

"నేను పదకొండేళ్లు నడిచి కొలిచాను. నీరు తూర్పు లోయలోకి వస్తుంది. అక్కడ అల్మాబెల్ ఉంది. రెండు వందల నలభై ఇళ్లు."

"కమిషన్‌కి చెప్పారా?"

"చెప్పాను. మీ లెక్క మ్యాప్‌తో కలవడం లేదన్నారు. మ్యాప్ తప్పు అన్నాను. రుజువేది అన్నారు. అసలు మ్యాప్ ఈ బిల్డింగులోనే, కింది అంతస్తులో ఇనప్పెట్టెలో ఉంది. అది చూడాలంటే అనుమతి కావాలి. అనుమతి ఇవ్వాలంటే ఈ మ్యాప్ తప్పని నేను ముందే రుజువు చేయాలి."

"మీ కొలతలున్నాయి కదా?"

"నా కొలతలు నేను చేసినవి. మ్యాప్‌కి ముద్ర ఉంది."

"ఎన్నిసార్లు అడిగారు?"

"పదకొండు. పన్నెండోసారి వెళితే ఫారాలు అయిపోయాయన్నారు. కొత్తవి అచ్చవుతున్నాయట."

చొక్కా జేబులో సిగరెట్ పెట్టె కిచమంది.

"గ్యాస్," అన్నాడు మెల్స్.

"టీ తాగండి. పాలు పోసి, ఉప్పు వేసి ఇస్తాను. తగ్గుతుంది."

ఆమె గిన్నెలో టీ వంపుతూ ఉంటే అతను మాట మార్చి, అలవోకగా కిర్గిజ్‌లోకి దిగాడు. "అయితే అక్కా, ఇప్పుడు నీరెలా ఉంది?"

ఆమె గొంతు అప్పుడే మారిపోయింది. మెత్తబడింది, కాస్త దిగింది. "ఏం చెప్పను తమ్ముడూ. పోగైనది నిన్న రాత్రికి ఇంకో మూడు వేళ్లు లేచింది. గట్టివాళ్లు ఎన్నాళ్లు ఆపుతారు?"

మెల్స్ ఆ మాటల్ని మనసులో రాసుకున్నాడు. రష్యన్‌లో సరస్సు. కిర్గిజ్‌లో పోగైనది. భాష మారగానే మాట మారింది, తడుముకోకుండా. కళ్లజోడు వెనక అతని తల నొప్పెట్టడం మొదలుపెట్టింది. ఆమె చెప్పిన కథ నిజమనిపిస్తోంది. ఆమె గూఢచారి అని కూడా అనిపిస్తోంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో తెలియలేదు. రెండింటిలో ఒకటి అబద్ధమైతే బాగుండునని టీ తాగుతున్నంతసేపూ కోరుకున్నాడు. ఏది అబద్ధం కావాలని కోరుకుంటున్నాడో మాత్రం తనని తాను అడగలేదు.

* * *

చివరి రోజు. కార్యక్రమం ప్రకారం గుల్‌సున్ ప్రసంగం నాలుగు గంటల పది నిమిషాలకి. స్లైడ్లు తొమ్మిది. ముందే తనిఖీకి ఇచ్చిన జాబితాలో ఏడోదాని ఎదురుగా 'మేఘాలు' అని రాసి ఉంది.

నాలుగింటికి ఐదు నిమిషాల ముందు, హాలు బయట కాడుఫ్ వంగి నేల మీంచి ఒక పౌడర్ డబ్బీ తీసి వెనేరాకి ఇచ్చాడు. ఆమె అతని చేతిని కావలసినదానికన్నా ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుని నవ్వింది. ఆకుపచ్చ పట్టు గౌను, నల్ల కళ్లద్దాలు. చుట్టూ ఉన్న మగవాళ్లందరూ ఆ నవ్వునే చూశారు. మెల్స్ ఒక్కడే డబ్బీని చూశాడు. ఆ డబ్బీ ఆమె చేతిలోంచి జారిపడటం అతను చూడలేదు.

వెనేరా పంపిన మూడు రిపోర్టుల్లో పంచదార చెంచాల లెక్క ఉంది. డబ్బీ లేదు.

ప్రొజెక్టర్ మనిషిని బయటికి పిలిపించి, అతని తెల్లకోటు తొడుక్కుని మెల్స్ పై గదిలోకి వెళ్లాడు. ఆ ఇరుకు గదిలోనే ఒక పక్క ప్రొజెక్టర్, ప్లైవుడ్ అడ్డు అవతల దుబాసీ మైకు. వెనేరా అప్పటికే అక్కడ ఉంది. స్లైడ్ల ట్రే మీద వంగి ఉంది.

"డబ్బీ ఇలా ఇవ్వు," అన్నాడు.

ఆమె తిరిగి చూసింది. భయపడలేదు. "కోటు మీకు నప్పింది, కామ్రేడ్ మేజర్. డబ్బీలో పౌడరే ఉంది. కావాలంటే రాసుకోండి, మొహం పాలిపోయింది."

అతను ట్రేలోంచి ఏడో స్లైడ్ తీసి దీపానికి ఎదురుగా పట్టాడు. మేఘాలు లేవు. ఆకాశంలోంచి తీసిన ఫోటో. తెల్లటి శిఖరం, దాని కింద గోరంత నీలం ముక్క, అక్కడి నుంచి తూర్పుగా వంపు తిరిగిన లోయ, ఆ లోయ చివర ఆకుపచ్చగా ఒక ఊరు. బిడ్డకి కూడా అర్థమవుతుంది, నీరెటు పోతుందో.

"ఆమె ఇవ్వాల్సింది కదా," అన్నాడు మెల్స్ నెమ్మదిగా. "ఇది అతనిచ్చాడు."

"మీరు తలకిందులుగా కాపలా కాశారు. వాళ్లకి మన దగ్గర దొంగిలించడానికి ఏముంది? ఇది వాళ్ల ఉపగ్రహం తీసిన ఫోటో. వాళ్ల దేశంలో అడిగినవాళ్లకల్లా ఇస్తారట. పదకొండు దేశాల వాళ్ల ముందు గోడ మీద పడితే కమిషన్ దీన్ని లేదనలేదు. అంతే. ఇదీ మా కుట్ర."

"మరి కోడ్?"

"ఏ కోడ్?"

"పోగైనది. గట్టివాళ్లు."

వెనేరా అతని వైపు చూసింది. బజారులో ముసలమ్మలు ఆగినట్టే ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీ ఇంట్లో కోడళ్లు లేరా, అన్నా? ఆ గుడిసెలో ఉండేది ఆమె మామగారు. పేరు కోల్‌బాయ్. మన భాషలో కోల్ అంటే ఏమిటి?"

"సరస్సు."

"మామగారి పేరు కోడలి నోట ఎలా వస్తుంది? పేరులో ఉన్న మాట కూడా రాకూడదు. మరిదిగారి పేరు తాష్‌తాన్. తాష్ అంటే రాయి. అందుకని రాళ్లు గట్టివాళ్లయ్యాయి. మా అమ్మ యాభై ఏళ్లుగా గొర్రెని గొర్రె అనలేదు, మా పెద్దనాన్న పేరులో ఉందని. గుల్‌సున్ అక్క డాక్టరేట్ చేసినా కోడలే. రష్యన్‌లో అయితే పట్టింపు లేదు, ఆ మాట వేరు కదా."

"ఇంటిపేరు..."

"కోల్‌బాయెవా. పాపం, పెళ్లయిన రోజు నుంచి తన ఇంటిపేరు తనే పలకలేదు. పుట్టింటివాళ్లు చూసి చూసి ఆ ఇంటికే ఇచ్చారు."

"బట్టతల?"

"అది నిజంగానే ఆ కొండ పేరు. అందరూ అంటారు."

మెల్స్ ప్రొజెక్టర్ పక్కన స్టూలు మీద కూచున్నాడు. నలుగురు నిపుణులు, తొమ్మిది నెలలు, రెండు పొరలు. కింద ఒక ఇంటి మర్యాద ఉంది. డిక్షనరీలో అన్ని మాటలూ ఉన్నాయి. ఇంట్లో ఏ మాట పలకకూడదో అందులో ఉండదు. అతనికి సిగ్గు వేయలేదు. అంతకన్నా పాతది, చిన్నప్పటిది ఏదో గుర్తొచ్చింది. ఈ దేశంలో ఈ విషయం తెలియని కిర్గిజ్ వాడు తనొక్కడే, కమిటీ ఏరికోరి తననే పంపింది.

కింద హాల్లో గుల్‌సున్ ప్రసంగం మొదలైంది. వెనేరా మైకు ముందుకి వెళ్లి జర్మన్‌లో మాట్లాడుతూ ఒక చేత్తో మొదటి స్లైడ్ వేయమని సైగ చేసింది. మెల్స్ వేశాడు. రెండోది వేశాడు. గోడకున్న టెలిఫోన్ తీసి కల్నల్ నంబరు తిప్పాడు.

"కోడ్ లేదు, కామ్రేడ్ కల్నల్. అది కోడలి మర్యాద."

"ఏమిటది?"

చెప్పాడు. డబ్బీ చేతులు మారిన సంగతీ చెప్పాడు.

"అంటే బట్టతల నేను కాదన్నమాట," అన్నాడు కల్నల్. "మంచిది. మరి డబ్బీలో ఏముంది?"

"ఉపగ్రహం తీసిన ఫోటో. సరస్సు అసలెక్కడుందో కనిపిస్తుంది."

"గోడ మీద పడిందా?"

"ఇంకా లేదు. ఏడోది. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది."

"తీసేయ్."

"వాళ్ల దగ్గర ఇది ఎప్పటి నుంచో ఉంది. మనం ఎవరి నుంచి దాస్తున్నాం?"

"శత్రువుకి తెలుసు. అది నాకూ తెలుసు. కానీ శత్రువుకి తెలుసని మనం బహిరంగంగా తెలుసుకుంటే మన మ్యాపులన్నీ మార్చాలి. నాలుగు వేల షీట్లు. ఎవరు మారుస్తారు, నువ్వా? తీసేయ్, నాయనా." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ సరస్సు ఈ ఏడాదే తెగాలని ఎక్కడైనా రాసుందా?"

ఐదో స్లైడ్. ఆరో స్లైడ్.

వెనేరా మైకు మీద చెయ్యి మూసి ఇటు తిరిగింది. "అల్మాబెల్‌లో మా అమ్మ ఉంది," అంది. అంతే అంది.

ఏడో స్లైడ్‌ని అతనే ట్రేలో తిరిగి పెట్టాడు. ఒక్క మీట నొక్కితే చాలు. మెల్స్ తన చేతిని తనే చూస్తూ కూచున్నాడు. అందులో రెండు కోరికలు లేవని అప్పుడు గమనించాడు. మంచికీ చెడుకీ మధ్య తను నలిగిపోతాడనుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు. గుల్‌సున్ చెప్పిందంతా నమ్మాడు. కల్నల్ చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా నమ్మలేదు. అయినా చెయ్యి ఎటు కదలాలో దానికి ముందే తెలుసు. ఆశ్రమంలో గంట కొట్టగానే నిద్రలోంచే లేచి నిలబడే పిల్లాడి కాళ్లకి తెలిసినట్టు.

"ఇప్పుడు చూడండి," అంది కింద గుల్‌సున్, కర్ర ఎత్తి.

మీట నొక్కడానికి ఒక్క సెకను ముందు అతను ట్రేలోంచి స్లైడ్ లాగేశాడు.

తెర మీద తెల్లటి వెలుగు పడింది. అందులో ఏమీ లేదు.

గుల్‌సున్ తెరని చూసింది. వెనక్కి తిరిగి పైగదిలోని చిన్న కిటికీని చూసింది. తర్వాత కర్రతో ఆ వెలుగు మీదే చూపించడం మొదలుపెట్టింది. "ఇక్కడ శిఖరం. ఇక్కడ సరస్సు. ఇటు నుంచి ఇలా వస్తుంది." కర్ర నీడ తెర మీద కదిలింది. నాలుగు వందల మంది ఆ నీడ వెంట కళ్లు తిప్పారు. అది కదిలిన చోట ఏ గీతా మిగల్లేదు. వెనేరా ప్రతి మాటా అనువదించింది.

"ఎంతో ఆసక్తికరంగా ఉంది," అన్నాడు అధ్యక్షుడు గడియారం చూసుకుంటూ. "ఏదైనా ఆధారం కూడా ఉండి ఉంటే బాగుండేది."

* * *

కాడుఫ్‌ని మర్యాదగా విమానం ఎక్కించారు. వెనేరాని దక్షిణాన ఏదో బడిలో జర్మన్ చెప్పడానికి పంపారు. వెళ్లేముందు ఆమె తల్లిని అల్మాబెల్ నుంచి తీసుకొచ్చింది. ముసలావిడ వారం ఉండి, ఆవు ఈనే రోజులని తిరిగి వెళ్లిపోయింది. గుల్‌సున్ మీద కేసు పెట్టలేదు. ఆమె సెలవు పెట్టి కొండ మీది గుడిసెకి, మామగారి దగ్గరికి వెళ్లిపోయింది.

మెల్స్ అడిగి మరీ రేడియోలు వినే గదిలో డ్యూటీ వేయించుకున్నాడు. కారణం అడిగితే విశ్రాంతి అన్నాడు. తను ఒక శబ్దం కోసం కాచుకుని ఉన్నాడనీ, అది రాకుండా ఉంటే తను చేసింది చిన్నదే అవుతుందనీ అతనికి తెలుసు. రోజూ కొండ మీంచి సంస్థకి అంకెలు చెప్పే ఆమె గొంతు వినేవాడు. పోగైనది మూడు వేళ్లు. పోగైనది ఐదు వేళ్లు.

పదిహేడో రోజు మధ్యాహ్నం మూడింటికి వేళ కాని వేళ రేడియో పలికింది.

"కోల్," అంది గుల్‌సున్. "కోల్ తెగింది. కోల్ వస్తోంది. ఎవరు వింటున్నారో వినండి, కోల్ వస్తోంది."

పక్క బల్ల దగ్గర గుమాస్తా క్లావ్‌దియా నలిగిన రిజిస్టరు తెరిచి రాసుకుంది. "కొత్త మాట వాడుతోంది," అంది. "ఇది జాబితాలో లేదు. మాస్కోకి పంపనా, మెల్స్ పెత్రోవిచ్?"

అతను టెలిఫోన్ అందుకున్నాడు. అల్మాబెల్ లైను కలవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

"గ్రామ సోవియట్ ఆఫీసు," అంది ఒక మగ గొంతు. "ఛైర్మన్ ఇసా మాట్లాడుతున్నా."

"పైనుంచి నీరొస్తోంది. జనాన్ని గట్టెక్కించండి. ఇప్పుడే."

"ఎవరండీ మీరు?"

"పర్వత జలాల సంస్థ."

"సంస్థ కాగితం నా బల్ల మీదే ఉంది. నీరొస్తే పడమటి లోయలోకని. ముద్ర కూడా ఉంది. నిరుడు ఆ డాక్టరమ్మ చెబితే ఊరినంతా లేపి కొండెక్కించా. భయాందోళనలు రేపావని నాకు మెమో ఇచ్చారు. మీ పేరు, హోదా చెప్పండి, రాసుకుంటా."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మెల్స్ ఆ రెండూ బయటివాడికి ఎప్పుడూ చెప్పలేదు. "మెల్స్ సాదికోవ్. మేజర్. కమిటీ."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. మనిషి లేచి నిలబడ్డాడు.

"కామ్రేడ్ మేజర్, తెలియక మాట్లాడాను. ఇది పరీక్షా?"

"పరీక్ష కాదు."

"అంటే... నేను మళ్లీ భయపడతానా లేదా అని చూస్తున్నారేమో. నేను భయపడను. కాగితం ప్రకారమే నడుచుకుంటా."

"నిజంగా వస్తోంది. నన్ను నమ్ము, అన్నా."

"పరీక్ష అయినా అలాగే అంటారు కదా," అన్నాడు ఇసా దీనంగా.

నాలుగు నిమిషాలు అలా గడిచాయి. చివరికి ఇసా ఫోన్ అలాగే వదిలేసి పరుగెత్తాడు. రిసీవర్‌లో బడి గంట మోగడం వినిపించింది. బడికి సెలవులు. గంట ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. సగం ఊరు గుమ్మాల్లోకి వచ్చి నిలబడి, బడి వైపు చూసింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు చాలా చిన్నది. లైను తెగిన చప్పుడు.

అరవై రెండు ఇళ్లు పోయాయి. మనుషుల లెక్క రహస్యం.

స్లైడ్ ఆపినందుకు మెల్స్‌కి పతకం ఇచ్చారు. ఫోన్‌లో హోదా బయటపెట్టినందుకు తీవ్రమైన మందలింపు ఇచ్చారు. రెండూ ఒకే రోజు, ఒకే కల్నల్ చేతి మీదుగా. ఆ శరత్తులో అతన్ని పర్వత జలాల సంస్థలో కింది అంతస్తుకి బదిలీ చేశారు. అచ్చుకి వెళ్లే ప్రతి వ్యాసం మీదా అక్కడ ముద్ర పడాలి.

నవంబరులో ఒక మధ్యాహ్నం గుల్‌సున్ వచ్చింది. బల్ల ముందు నిలబడి అతన్ని గుర్తుపట్టింది.

"కొత్త ఉద్యోగమా, విలేకరిగారూ? గ్యాస్ తగ్గిందా?"

"తగ్గింది," అన్నాడు. కళ్లజోడు లేని మొహాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ రోజు నా మాట విన్నది మీరేనా?"

"అవును."

"మామయ్య కూడా విన్నారు. పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి నాతో అసలేమీ అనలేదు." ఆమె వ్యాసాన్ని బల్ల మీద పెట్టింది. ముప్పై పేజీలు. "పదకొండేళ్ల కొలతలు. నీరు తెగిన నిమిషం నుంచి ఆగిన నిమిషం దాకా అన్నీ ఉన్నాయి. ఇంకో లోయలో ఇంకో సరస్సు ఉంది. అక్కడివాళ్లకైనా పనికొస్తుంది."

మెల్స్ ఫైలు తీసి చూశాడు. ఉత్తర్వు వచ్చే ఉంది. సరస్సు ఇప్పుడు లేదు గనక దాని మీద రహస్యం కూడా లేదు. వ్యాసం అచ్చు వేయవచ్చు, అక్షరం మార్చనక్కర్లేదు. విదేశాలకి కూడా పంపవచ్చు.

"ఒక్క షరతుంది," అన్నాడు. "బొమ్మ మాత్రం బజారు మ్యాప్ మీదే గీయాలి."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఇంకో లోయ గుర్తొచ్చిందేమో, కుర్చీ లాక్కుని కూచుని, పెన్సిల్ అడిగి, ఆ మ్యాప్ మీదే నీటి దారి గీసింది. అతను ముద్ర వేశాడు.

వ్యాసం వసంతంలో వచ్చింది. విజ్ఞానరంగంలో గొప్ప ముందడుగని పత్రికలు రాశాయి. అందులోని మ్యాప్ ప్రకారం నీరు పడమటి లోయలోంచి వెళ్లిపోయింది. అల్మాబెల్‌లో ఎవరికీ ఏమీ కాలేదు.